పాత జీపు ఇంజనుకు కొత్త టైమింగ్ గేర్లు అమర్చడం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- టైమింగ్ గేర్లు ఏ పని చేస్తాయో వివరించగలుగుతారు.
- బయట కొన్న గేర్ల జతను అమర్చేముందు పరీక్షించగలుగుతారు.
- గేర్లను వరస తప్పకుండా అమర్చి, సరిచూసుకోగలుగుతారు.

1. విషయ పరిచయం

ఖమ్మం నుంచి భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. పాల్వంచ దాటిన తరవాత రోడ్డుకు ఇరువైపులా అడవి మొదలవుతుంది. గోదావరి వంతెన దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు సాగితే మెకానిక్ షెడ్లు, విడిభాగాల దుకాణాలు తగ్గిపోతాయి. ఇలాంటి దారిలో జీపు ఇంజను హఠాత్తుగా ఆగిందనుకోండి. సెల్ఫ్ కొడితే క్రాంకు తిరుగుతుంది, కాని ఇంజను అందుకోదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే లోపలి రోటరు కదలడం లేదు. పాత జీపులో ఇది టైమింగ్ గేరు పళ్ళు ఊడాయని చెప్పే ముఖ్యమైన గుర్తు. దీనికి దారిలో చేయగల మరమ్మతు లేదు. అందుకే గేర్లను షెడ్డులో, తీరికగా, తప్పు లేకుండా అమర్చడం నేర్చుకోవాలి.

మహీంద్రా సంస్థ 1940ల చివరలో విల్లీస్ జీపులతో వాహన రంగంలోకి వచ్చింది. ఆ తరవాత వచ్చిన సి.జె.3బి జీపులో ఉన్నది హరికేన్ ఎఫ్4-134 పెట్రోలు ఇంజను. నాలుగు సిలిండర్లు, 2,199 సి.సి. ఈ పాఠంలో దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. మీ వాహనంలో తరవాత డీజిలు ఇంజను పెట్టి ఉంటే, ముందుగా అందులో ఉన్నది గేర్లా, చైనా అన్నది చూసుకోండి.

2. టైమింగ్ గేర్ల పని

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్‌షాఫ్టు రెండుసార్లు తిరిగితే క్యామ్‌షాఫ్టు ఒక్కసారే తిరగాలి. అందుకే క్యామ్ గేరుకు క్రాంకు గేరు కంటే సరిగ్గా రెట్టింపు పళ్ళు ఉంటాయి. వాల్వులను తెరిచేది క్యామ్‌షాఫ్టు. ఈ ఇంజనులో ఆయిల్ పంపునూ, దాని ద్వారా డిస్ట్రిబ్యూటర్‌నూ తిప్పేది కూడా అదే. కాబట్టి గేరు తప్పితే వాల్వులు, స్పార్కు రెండూ కలిసి తప్పుతాయి.

ఎంత తప్పుతాయి? క్రాంకు గేరుకు 30, క్యామ్ గేరుకు 60 పళ్ళు ఉన్నాయనుకుందాం. ఒక పన్ను తేడా వస్తే క్యామ్ 360 ÷ 60 = 6 డిగ్రీలు జరుగుతుంది. క్రాంకు లెక్కలో అది 12 డిగ్రీలు. ఇంజను స్టార్టు కావచ్చు. కాని బలం ఉండదు, వేడెక్కుతుంది, ఘాటు ఎక్కదు. అప్పుడు చాలామంది డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పి సర్దుతారు. దానివల్ల స్పార్కు ఒక్కటే దారికి వస్తుంది. వాల్వుల తప్పు అలాగే మిగిలిపోతుంది.

3. గేర్ల ఎంపిక

అసలు కంపెనీవి కాక ఇతర తయారీదారులు చేసే విడిభాగాలను మన షెడ్లలో ‘లోకల్ సామాను’ అంటారు. ఇవన్నీ చెడ్డవి కావు, కాని పరీక్షించకుండా బిగించకూడదు. ఫైబర్ గేరు చప్పుడు చేయదు. వయసు మీరితే పళ్ళు విరుగుతాయి. ఉక్కు గేరు ఎక్కువ కాలం మన్నుతుంది, కూత పెడుతుంది. అల్యూమినియం గేరు ఈ రెంటికీ మధ్యస్థం. ఏది కొన్నా రెండు గేర్లనూ జతగా కొనండి. అరిగిన గేరుతో కొత్తది కలిస్తే కొత్తది కూడా త్వరగా అరుగుతుంది.

పాత గేర్లను వెంట తీసుకువెళ్ళి, దుకాణంలోనే ఈ నాలుగూ చూడండి:
(అ) పళ్ళ సంఖ్య.
(ఆ) పళ్ళ వాలు ఏ వైపు ఉన్నది.
(ఇ) మధ్య రంధ్రం, కీ గాడి కొలతలు.
(ఈ) టైమింగ్ మార్కు ఉన్న చోటు. కీ గాడికి ఎదురుగా ఉన్న పన్ను నుంచి మార్కు వరకు పళ్ళు లెక్కపెట్టండి. పాతదానిలో, కొత్తదానిలో లెక్క ఒకటే రావాలి. మార్కు తప్పుగా ఉన్న గేరును ఎంత జాగ్రత్తగా అమర్చినా టైమింగ్ కుదరదు.

4. అమర్చే విధానం

1) బ్యాటరీ వైరు విప్పండి. నీళ్ళు వదిలి, రేడియేటరు, ఫ్యాన్ బెల్టు, క్రాంకు పుల్లీ, గేర్ల మూత వరసగా తీయండి.
2) పాత పళ్ళు బాగుంటే, రెండు మార్కులు ఎదురెదురుగా వచ్చేదాకా క్రాంకును చేత్తో తిప్పి ఆపండి. డిస్ట్రిబ్యూటర్‌ను కదిలించకండి.
3) గేర్లను పుల్లరుతోనే లాగండి. సుత్తితో కొడితే క్యామ్‌షాఫ్టు వెనక్కి జరిగి, వెనక ఉన్న మూతబిళ్ళ ఊడవచ్చు. క్రాంకు గేరు వెనక పలుచని షిమ్‌లు ఉంటాయి. వాటిని వరస తప్పకుండా దాచండి.
4) ఫైబర్ పళ్ళు విరిగి ఉంటే పాన్ తప్పక దించండి. ముక్కలు ఆయిల్ పంపు జల్లెడలో ఇరుక్కుంటే, కొత్త గేర్లు వేసిన ఇంజనుకు ఆయిల్ అందక బేరింగులు కాలిపోతాయి.
5) గేర్లకు ఆయిల్ చిమ్మే సన్నని జెట్టును సన్నని తీగతో, గాలితో శుభ్రం చేయండి.
6) కొత్త గేర్లను కీతో సహా, మార్కులు కలిసేలా ఎక్కించండి. ఒత్తిడి గేరు నడిమి భాగం మీదే పడాలి, పళ్ళ అంచు మీద కాదు. ఫైబర్ గేరును వేడి చేయకండి.
7) పళ్ళ మధ్య సందును ఫీలర్ గేజితో నాలుగు చోట్ల కొలిచి, మాన్యువల్‌లోని కొలతతో పోల్చండి. సందు బొత్తిగా లేకపోతే గేర్లు కూత పెట్టి వేడెక్కుతాయి, ఎక్కువైతే గలగలమంటాయి.

గమనిక: వాల్వులన్నీ హెడ్‌లో ఉండే ఇంజన్లలో గేర్లు తీసిన తరవాత క్రాంకును విడిగా తిప్పితే పిస్టన్లు వాల్వులకు తగిలే ప్రమాదం ఉంది. ముందుగా రాకర్లను వదులు చేయండి.

5. సరిచూడడం

మూత బిగించే ముందు క్రాంకును చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. మార్కులు తిరిగి ఎదురెదురుగా రావాలి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకండి, కారణం వెతకండి. తరవాత మూతకు కొత్త ఆయిల్ సీలు వేసి బిగించి, కొత్త ఆయిల్ పోయండి. ఇంజనును స్టార్టు చేసి, ఆయిల్ ప్రెషరు చూసి, చివరగా ఇగ్నిషన్ టైమింగ్ సరిచేయండి. మొదట ఊరికి దగ్గరలోనే కొంత దూరం నడిపి, ఆయిల్ కారడం, కొత్త చప్పుడు లేవని తెలిశాకే అడవి దారి పట్టండి.

6. సారాంశం

క్రాంకు రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఈ సంబంధాన్ని కాపాడేవి టైమింగ్ గేర్లు. గేర్లను జతగా కొనడం, మార్కును లెక్కపెట్టి చూడడం, పాన్ శుభ్రం చేయడం, రెండు చుట్లు తిప్పి సరిచూడడం: ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి వదిలినా మరమ్మతు పూర్తయినట్టు కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. క్యామ్ గేరుకు 56 పళ్ళు ఉన్నాయి. ఒక పన్ను తప్పితే క్రాంకు లెక్కలో సుమారు ఎన్ని డిగ్రీల తేడా వస్తుంది?
2. సెల్ఫ్ కొట్టినప్పుడు రోటరు తిరగకపోతే టైమింగ్ గేరును ఎందుకు అనుమానించాలి?
3. డిస్ట్రిబ్యూటర్‌ను సర్ది గేరు తప్పును ఎందుకు సరిచేయలేం?

జవాబులు: 1. సుమారు 13 డిగ్రీలు. 2. డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది క్యామ్‌షాఫ్టు, దాన్ని తిప్పేది టైమింగ్ గేరు కాబట్టి. 3. స్పార్కు సమయం మాత్రమే మారుతుంది, వాల్వుల సమయం మారదు కాబట్టి.