తెరపై వంద తూటాలు.. చేతిలో పన్నెండే!

బ్యాంకు గుమ్మం వద్ద కాపలాదారు భుజాన వేలాడే రెండు గొట్టాల తుపాకీ అందరికీ పరిచితమే. వాడుకలో దానిని ‘ట్వెల్వ్ బోర్’ అంటారు. రెండుమార్లు పేల్చిన తర్వాత దానిని మడిచి, ఖాళీ తూటాలు తీసి, కొత్తవి పెట్టుకోవాల్సిందే. అదే కొలత తూటాలు పన్నెండింటిని రివాల్వర్ తరహాలో తిరిగే సిలిండర్‌లో అమర్చితే ఎలా ఉంటుంది? ఆ ఆలోచనకు రూపమే ‘స్ట్రైకర్’. దీనిని స్వయంగా చూసినవారు బహు తక్కువ. కంప్యూటర్ ఆటల్లో దీనితో కాల్పులు జరిపిన కుర్రకారు మాత్రం లోకమంతటా ఉన్నారు.

గడియారంలా కీ ఇవ్వాలి

సిలిండర్ షాట్‌గన్ కొత్త సంగతేమీ కాదు. రివాల్వర్‌కు పేరు తెచ్చిన శామ్యూల్ కోల్ట్ 19వ శతాబ్దంలోనే ఇటువంటి షాట్‌గన్లు తయారు చేశారు. అవి నిలదొక్కుకోలేదు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య ఉండే సన్నని సందులోంచి వేడి వాయువు ఎగజిమ్మేది. పిస్తోలు అయితే చేతులు వెనుకే ఉంటాయి. పొడవాటి తుపాకీని పట్టుకోవాలంటే ఎడమ చేతిని ఆ సందుకు ముందే ఉంచాలి! 1930వ దశకంలో అమెరికాలో చార్లెస్ మాన్‌విల్ 24 తూటాల సిలిండర్ తుపాకీని రూపొందించారు. బాష్పవాయు గుండ్లు పేల్చే పెద్ద రకాలనూ చేశారు. అదీ ఎంతోకాలం సాగలేదు.

అర్ధ శతాబ్దం గడిచాక రొడీషియాకు (నేటి జింబాబ్వే) చెందిన హిల్టన్ వాకర్ ఆ ఆలోచనను మళ్లీ పైకి తీశారు. దక్షిణాఫ్రికాలో 1980వ దశకం ఆరంభంలో స్ట్రైకర్ రూపుదిద్దుకుంది. అల్లర్ల అదుపు, భద్రతా విధులు దాని ఉద్దేశం. గొట్టం పొడవు కేవలం 12 అంగుళాలు. బరువు నాలుగు కిలోలకు పైమాటే. చూడటానికి భయం గొలిపే ఈ తుపాకీ వాడకంలో మాత్రం ఓర్పును పరీక్షించేది. తూటాలను ఒక్కొక్కటిగా నింపాలి. సిలిండర్‌ను తిప్పే స్ప్రింగ్‌కు పాత గోడ గడియారానికి ఇచ్చినట్లే కీ ఇవ్వాలి. పేల్చాక ఖాళీ తూటాలనూ ఒక్కొక్కటిగానే చువ్వతో నెట్టి తీయాలి. 1989లో వచ్చిన ‘ప్రొటెక్టా’ అనే సవరించిన రకంలో కీ బాధ తప్పించారు.

చట్టం దృష్టిలో బాంబుల సరసన

క్రీడలకు పనికిరాదంటూ అమెరికా అధికారులు 1984లోనే దీనిపై తేల్చి చెప్పారు. దాంతో దిగుమతికి దారి మూసుకుపోయింది. అక్కడి సంస్థ ఒకటి ఇదే నమూనాను స్వదేశంలో తయారు చేసి ‘స్ట్రీట్ స్వీపర్’ పేరుతో అమ్మకానికి పెట్టింది. వీధులు ఊడ్చేది అని అర్థం. ఆయుధానికి ఇంతకన్నా చేటు పేరు మరొకటి ఉండదేమో.

అరంగుళం మించిన గొట్టం గల ఆయుధాలను అమెరికా చట్టం ‘విధ్వంసక సాధనాలు’గా పరిగణిస్తుంది. ట్వెల్వ్ బోర్ గొట్టం వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. అంటే అరంగుళం కన్నా ఎక్కువే. అయినా వేటకు, క్రీడలకు వాడతారన్న కారణంతో మామూలు షాట్‌గన్లకు మినహాయింపు ఉంది. స్ట్రైకర్, స్ట్రీట్ స్వీపర్లకు ఆ మినహాయింపు వర్తించదని 1994 మార్చి 1న ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. ఒక్క కలంపోటుతో అవి గ్రనేడ్లు, బాంబుల జాబితాలో చేరాయి. అప్పటికే కొనుక్కున్నవారు నమోదు చేయించుకోవడానికి 2001 మే 1 వరకు గడువిచ్చారు.

ఆటల్లో మరో జన్మ

వీధిలో దారి మూసుకుపోయిన తుపాకీకి తెర మీద తలుపులు బార్లా తెరుచుకున్నాయి. పెద్ద సిలిండర్‌కున్న ఆకర్షణను సినిమా ముందే పసిగట్టింది. ఫ్రెడరిక్ ఫోర్సిత్ నవల ఆధారంగా 1980లో వచ్చిన ‘ది డాగ్స్ ఆఫ్ వార్’లో క్రిస్టఫర్ వాకెన్ చేతిలో కనిపించేది మాన్‌విల్ తరహా ఆయుధమే. అయితే స్ట్రైకర్‌కు అసలు ప్రచారం వీడియో గేములతో వచ్చింది. జపాన్ సంస్థ క్యాప్‌కామ్ 2005లో విడుదల చేసిన ‘రెసిడెంట్ ఈవిల్ 4’లో ఇది ఉంది. డబ్బు పోసి మెరుగులు దిద్దించుకుంటే అందులో ఏకంగా వంద తూటాలు పడతాయి! అసలు తుపాకీలో పట్టేవి పన్నెండే. కీ ఇచ్చే తంటా, చువ్వతో నెట్టే తంటా ఆటగాడికి లేవు. 2009 నాటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2’ మాత్రం పన్నెండు దగ్గరే ఆగింది. ‘బ్యాటిల్‌ఫీల్డ్’ ఆటల్లో ఇదే కుటుంబానికి చెందిన తుపాకీ ‘డీఏఓ-12’ పేరుతో దర్శనమిస్తుంది.

‘జాక్‌హ్యామర్’ కథ ఇంకా విచిత్రం. అమెరికాలో జాన్ ఆండర్సన్ 1980వ దశకంలో రూపొందించిన ఈ తుపాకీలో సిలిండర్‌ను పది తూటాలతో సహా ఊడదీసి మరొకటి తగిలించవచ్చు. పేల్చినప్పుడు గొట్టమే ముందుకు జరుగుతుంది. కొనేవారు లేక అది కొద్దిపాటి నమూనాల దగ్గరే ఆగిపోయింది. ఏ సైన్యమూ దానిని తీసుకోలేదు. 2001లో ‘మ్యాక్స్ పేన్’ ఆటలోకి ఎక్కిన తర్వాత మాత్రం లక్షలాది ఇళ్లలో మోగింది.