వియన్నా విద్యాగోష్ఠులు

మొదటి, రెండవ ప్రపంచ యుద్ధాల నడుమ ఆస్ట్రియా రాజధాని వియన్నాలో విశ్వవిద్యాలయం లోపల, దాని పరిసరాలలో నడచిన పఠన, ప్రసంగ, చర్చా బృందాలను ఈ వ్యాసంలో వియన్నా విద్యాగోష్ఠులు అని వ్యవహరించడమైనది. తత్వశాస్త్రం, రాజనీతి, అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం, గణితశాస్త్రం చదివినవారు ఈ గోష్ఠులలో కలసి కూర్చుని ఒకే గ్రంథాన్ని చదివేవారు, ఒకే ప్రశ్నను చర్చించేవారు. ఇరవయ్యవ శతాబ్దపు తర్కశాస్త్రం, విజ్ఞానతత్వం, గణితార్థశాస్త్రాలలోని పెక్కు భావాలు ఇక్కడ రూపుదిద్దుకొన్నాయి. 1934 - 1938 సంవత్సరాల మధ్య రాజకీయ కారణాలవలన ఈ బృందాలు చెదరిపోయాయి. వాటి సభ్యులలో అధికభాగం దేశాంతరం వెళ్ళారు.

నేపథ్యం

వియన్నా విశ్వవిద్యాలయాన్ని 1365లో స్థాపించారు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో అక్కడ పీఠాచార్య పదవులు చాలా తక్కువ. అర్హత పొందినప్పటికీ పదవి దొరకని పండితులు 'ప్రివాట్‌డోట్సెంట్' అనే హోదాతో పాఠాలు చెప్పుకొనేవారు. ఆ హోదాకు జీతం లేదు, విద్యార్థులు చెల్లించే రుసుమే ఆదాయం. యూదులకు పీఠాచార్య పదవి దొరకడం నానాటికీ దుర్లభమయింది. స్త్రీలకు తత్వశాస్త్ర విభాగంలో 1897లోను, న్యాయ, రాజ్యశాస్త్ర విభాగంలో 1919లోను మాత్రమే ప్రవేశం లభించింది. అర్థశాస్త్రాన్ని ఆ రోజులలో ఈ రెండవ విభాగంలోనే బోధించేవారు. తరగతి గదిలో చోటు దొరకని విద్యకు తరగతి గది వెలుపల చోటు వెతుక్కొనవలసి రావడమే గోష్ఠులు పెరగడానికి ముఖ్య కారణం.

ఈ సంప్రదాయానికి ముందున్న ఒక ఉదాహరణ అర్థశాస్త్రవేత్త బోమ్-బావెర్క్ విశ్వవిద్యాలయంలో నడిపిన సెమినారు. ఆయన ఆస్ట్రియా ఆర్థికమంత్రి పదవిని 1904లో వదలి ఆచార్యుడయ్యాడు. కార్ల్ మార్క్స్ మూల్యసిద్ధాంతాన్ని ఖండించినవాడుగా ఆయనకు పేరుండేది. అయినప్పటికీ ఆయన సెమినారులో మార్క్సిస్టులైన ఓట్టో బావర్, రుడాల్ఫ్ హిల్ఫర్డింగ్ కూర్చునేవారు. వారి ఎదుట లుడ్విగ్ ఫాన్ మీసెస్, జోసెఫ్ షుంపేటర్ కూర్చునేవారు. తరువాతి కాలంలో బావర్ ఆస్ట్రియా సోషల్ డెమొక్రాట్లకు నాయకుడయ్యాడు. హిల్ఫర్డింగ్ జర్మనీ ఆర్థికమంత్రి అయ్యాడు. మీసెస్ సోషలిజానికి ప్రధాన విమర్శకుడయ్యాడు. పరస్పర విరోధులు కాబోయేవారు ఒకే గదిలో, ఒకే గురువు ఎదుట వాదించడం నేర్చుకొన్నారు.

ముఖ్యమైన గోష్ఠులు

ష్లిక్ గోష్ఠి (వియన్నా వర్గం): 1924లో మొదలయింది. గురువారం సాయంత్రాలు జరిగేది. విషయం తత్వశాస్త్రం, తర్కం.

మీసెస్ ప్రైవేటు సెమినారు: 1920 నుండి 1934 వరకు, రెండు వారాలకొకసారి శుక్రవారం జరిగింది. విషయం అర్థశాస్త్రం, సాంఘిక శాస్త్రాల పద్ధతి.

గైస్ట్‌క్రైస్: 1921లో ఫ్రీడ్రిష్ హాయెక్, హెర్బర్ట్ ఫ్యూర్త్ అనే యువకులు ప్రారంభించారు. చరిత్ర, సాహిత్యం, కళ, రాజనీతి ఏదైనా చర్చించవచ్చును. ఇందులో స్త్రీలకు ప్రవేశం లేదు.

మెంగర్ గణిత గోష్ఠి: 1928లో మొదలయింది. విషయం గణితం, దానితోపాటు గణితార్థశాస్త్రం.

ఆస్ట్రియా 1920 రాజ్యాంగ రచనలో ప్రధానపాత్ర వహించిన న్యాయశాస్త్రవేత్త హాన్స్ కెల్సెన్ చుట్టూ కూడా ఇటువంటి బృందమే ఉండేది. ఈ గోష్ఠుల మధ్య గోడలు లేవు. ఉదాహరణకు న్యాయతత్వవేత్త ఫెలిక్స్ కౌఫ్‌మాన్ కెల్సెన్ శిష్యుడు. ష్లిక్ గోష్ఠికి వెళ్ళేవాడు. మీసెస్ సెమినారు సభ్యులపై హాస్యగీతాలు కూడా కట్టాడు.

ష్లిక్ గోష్ఠి

గణితవేత్త హాన్స్ హాన్, భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ ఫ్రాంక్, సాంఘిక, అర్థశాస్త్రవేత్త ఓట్టో నోయ్‌రాత్ 1907 ప్రాంతం నుండి ఒక కాఫీ హోటలులో కలుసుకొని ఎర్నెస్ట్ మాఖ్, పాంకరే వంటి శాస్త్రజ్ఞుల రచనలు చదివేవారు. మాఖ్ ఒకప్పుడు అలంకరించిన పీఠానికి 1922లో మోరిట్జ్ ష్లిక్ ఆచార్యుడుగా వచ్చాడు. ఆయన శిష్యులు హెర్బర్ట్ ఫైగల్, ఫ్రీడ్రిష్ వైస్‌మాన్ కోరగా 1924లో గురువారపు గోష్ఠి మొదలయింది. బోల్ట్జ్‌మాన్ వీధిలోని గణిత సంస్థ గదిలో సభ్యులు సమావేశమయ్యేవారు. రుడాల్ఫ్ కార్నాప్ 1926లో వియన్నా వచ్చి ఇందులో చేరాడు. అప్పటికి విద్యార్థిగా ఉన్న కుర్ట్ గోడెల్ ఎక్కువగా మాట్లాడక వింటూ ఉండేవాడు.

లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ వ్రాసిన 'ట్రాక్టేటస్' అనే చిన్న గ్రంథాన్ని ఈ బృందం వాక్యం వెంట వాక్యంగా బిగ్గరగా చదివి చర్చించింది. గ్రంథకర్త మాత్రం ఈ గోష్ఠికి రాలేదు. ష్లిక్, వైస్‌మాన్ వంటి కొద్దిమందితో విడిగా మాట్లాడేవాడు. ఒక ప్రసిద్ధ ఉదంతం ప్రకారం, పఠనం నడుమ నోయ్‌రాత్ మాటిమాటికీ "అధిభౌతికం!" అని అడ్డుతగులుతుండగా, అంత శ్రమ ఎందుకు, మొదటి అక్షరం పలికితే చాలునని ఎవరో అన్నారట. అధిభౌతికం కానప్పుడు మాత్రమే చెబితే తనకు శ్రమ మరింత తగ్గుతుందని ఆయన బదులిచ్చాడట.

ఈ వర్గం వాదన స్థూలంగా ఇది: ఒక వాక్యానికి అర్థం ఉండాలంటే అది తర్కం, గణితాలకు చెందినదైనా కావాలి, అనుభవంతో సరిచూడదగినదైనా కావాలి. "సముద్రమట్టంలో నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది" అనే వాక్యాన్ని సరిచూడవచ్చు. తప్పయితే తప్పని తేల్చవచ్చు. "జాతి ఆత్మ మనలను పిలుస్తున్నది" అనే వాక్యాన్ని ఏ విధంగా సరిచూడాలో చెప్పలేము. అది నిజమూ కాదు, అబద్ధమూ కాదు, అర్థరహితం అని వారి నిర్ణయం. ఇది కేవలం పాండిత్య విషయంగా మిగలలేదు. అటువంటి వాక్యాలతోనే జనాన్ని ఉద్రేకపరుస్తున్న కాలంలో "ఆ మాటకు అర్థమేమి? ఎలా తెలిసింది?" అని అడగడమే రాజకీయ చర్య అయింది. అర్థానికి వారు పెట్టిన ఈ కొలబద్దపై తరువాత బలమైన ఆక్షేపణలు వచ్చాయి. సభ్యులే దానిని పలుమార్లు సవరించుకొన్నారు. ఆ గోష్ఠికి ఆహ్వానం అందని కార్ల్ పాపర్ 1934లో వెలువడిన తన గ్రంథంలో వారిని విమర్శించాడు. ఆ గ్రంథాన్ని ష్లిక్, ఫ్రాంక్ సంపాదకత్వంలోని మాలలోనే ప్రచురించారు.

గోష్ఠిలో చర్చలను రోజ్ రాండ్ అనే విద్యార్థిని నమోదు చేసింది. ఒక్కొక్క ప్రతిపాదనను ఎవరు అంగీకరించారు, ఎవరు తిరస్కరించారు, ఎవరు అర్థరహితమన్నారు అనేది రంగుల గుర్తులతో పట్టికగా వ్రాసి ఉంచింది. హాన్ సోదరి ఓల్గా హాన్-నోయ్‌రాత్ యౌవనంలోనే చూపు కోల్పోయినా డాక్టరేటు పొంది, ఈ గోష్ఠిలో పాల్గొన్నది.

సామాన్య ప్రజలకోసం ఈ వర్గం 1928లో ఎర్నెస్ట్ మాఖ్ సంఘాన్ని స్థాపించి బహిరంగ ప్రసంగాలు ఏర్పాటు చేసింది. 1929లో హాన్, నోయ్‌రాత్, కార్నాప్ కలసి వర్గం ఆశయాలను ఒక చిన్న పుస్తకంగా ప్రకటించారు. గణాంకాలను చదువురానివారు సైతం గ్రహించేటట్లు బొమ్మలతో చూపే పద్ధతిని నోయ్‌రాత్ తన వియన్నా ప్రదర్శనశాలలో రూపొందించాడు. నేడు విమానాశ్రయాలలో, ఆసుపత్రులలో కనిపించే చిత్రసంకేతాలకు ఆ పద్ధతి ఒక ముఖ్యమైన మూలం.

మీసెస్ సెమినారు

మీసెస్ జీవిక వియన్నా వాణిజ్య మండలిలో ఉద్యోగం. విశ్వవిద్యాలయంలో ఆయనకు పీఠం దొరకలేదు. 1920 నుండి ఆయన తన కార్యాలయపు గదిలోనే సెమినారు నడిపాడు. అక్టోబరు నుండి జూను వరకు, రాత్రి ఏడు గంటలకు ఇరవై, ఇరవైఐదుగురు ఆయన బల్ల చుట్టూ చేరేవారు. ఒకరు ప్రసంగపత్రం చదివేవారు, తక్కినవారు ప్రశ్నించేవారు. పది గంటలకు అందరూ ఒక ఇటాలియన్ భోజనశాలకు వెళ్ళేవారు. అటుపై ఓపిక ఉన్నవారు ఒక కాఫీ హోటలులో అర్ధరాత్రి దాటేవరకు వాదన కొనసాగించేవారు. పరీక్షలు, మార్కులు, పట్టాలు ఏవీ లేవు.

హాయెక్, గాట్‌ఫ్రీడ్ హాబెర్లర్, ఫ్రిట్జ్ మాఖ్లుప్, ఓస్కార్ మోర్గెన్‌స్టెర్న్ వంటి అర్థశాస్త్రజ్ఞులతోపాటు తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ షూట్జ్, రాజనీతి పండితుడు ఎరిక్ ఫోగెలిన్ సభ్యులుగా ఉండేవారు. వియన్నాలో రాజ్యశాస్త్రాలలో డాక్టరేటు పొందిన మొదటి మహిళ హెలెనే లీసర్, మార్తా బ్రౌన్, ఇల్సే మింట్జ్ వంటి మహిళలు కూడా ఇందులో పాల్గొన్నారు. స్త్రీలను రానివ్వని హాయెక్ మిత్రబృందానికి 'గైస్ట్‌క్రైస్' (మేధావి మండలి) అని వెక్కిరింపుగా పేరు పెట్టింది మార్తా బ్రౌన్ అని చెబుతారు. ఆ పేరే స్థిరపడింది.

ఆర్థిక గణన వివాదం

రెండు గోష్ఠుల మధ్య ఉన్న భేదాన్ని తెలిపే ప్రధాన చర్చ ఇది. యుద్ధకాలంలో ప్రభుత్వాలు వస్తువులను ధరతో నిమిత్తం లేకుండా పంచడం చూసిన నోయ్‌రాత్, సమాజం మొత్తానికి డబ్బు లెక్క లేకుండా వస్తురూపంలోనే ప్రణాళిక వేయవచ్చునన్నాడు. 1919లో బవేరియాలో అటువంటి ప్రణాళికా కార్యాలయాన్ని కొద్దికాలం నడిపాడు కూడా. 1920లో మీసెస్ ఒక వ్యాసంలో దీనిని ఖండించాడు.

ఒక నదిపై వంతెన కట్టాలనుకొందాం. ఇనుముతో కట్టవచ్చు, కలపతో కట్టవచ్చు. ఒక దానికి ఇన్ని టన్నుల ఇనుము, ఇన్ని గంటల శ్రమ కావాలి. రెండవదానికి ఇంత కలప, మరికొంత ఎక్కువ శ్రమ కావాలి. టన్నులను, గంటలను కూడలేము. బజారులో ఏర్పడే ధర లేకపోతే ఏది పొదుపో తెలిసే మార్గం లేదని మీసెస్ వాదన. దీనికి నోయ్‌రాత్ వైపు సమాధానం కూడా తేలికగా తోసివేయదగినది కాదు. ఆరోగ్యం, నివాసం, విశ్రాంతి, రాబోయే తరాల క్షేమం వంటివాటిని ఒకే కొలమానంలోకి కుదించడం సాధ్యం కాదు, డబ్బు లెక్క వాటిని కుదించినట్లు భ్రమ కలిగిస్తుంది అని ఆయన అన్నాడు. మొదటి వాదాన్ని హాయెక్ తరువాత ధరలద్వారా జ్ఞానం ప్రసరించే సిద్ధాంతంగా విస్తరించాడు. రెండవ వాదం పర్యావరణ అర్థశాస్త్రంలో తిరిగి వినిపించింది.

మెంగర్ గణిత గోష్ఠి

ఆస్ట్రియన్ అర్థశాస్త్ర సంప్రదాయానికి ఆద్యుడైన కార్ల్ మెంగర్ కుమారుని పేరు కూడా కార్ల్ మెంగరే. గణితాచార్యుడైన ఈ చిన్న మెంగర్ గోష్ఠిలో అర్థశాస్త్రంలోని ఒక చిక్కు ప్రశ్న చర్చకు వచ్చింది. ఒక సరుకు ధర మారితే మరొకదాని ధర మారుతుంది. అటువంటప్పుడు అన్ని బజారులలో గిరాకీ, సరఫరా ఒకేసారి సరిపోయే ధరలు అసలు ఉంటాయా? సమీకరణాలు ఎన్నో, తెలియని రాశులు అన్నే ఉంటే చాలునని అంతకుముందు భావించేవారు. అది చాలదని, కొన్ని నియమాలకు లోబడి అటువంటి ధరలు ఉంటాయని అబ్రహాం వాల్డ్ నిరూపించాడు. 1954లో కెన్నెత్ యారో, జెరార్డ్ డెబ్రూ ప్రకటించిన ప్రసిద్ధ సిద్ధాంతానికి ఇది పూర్వరంగం.

విచ్ఛిన్నం

1934 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలో అంతర్యుద్ధం జరిగింది. అందులో గెలిచిన నిరంకుశ ప్రభుత్వం ఎర్నెస్ట్ మాఖ్ సంఘాన్ని రద్దు చేసింది. నోయ్‌రాత్ హాలండుకు వెళ్ళాడు. అదే సంవత్సరం హాన్ మరణించాడు. మీసెస్ జెనీవాకు ఉద్యోగంపై వెళ్ళడంతో ఆయన సెమినారు ముగిసింది.

1936 జూన్ 22న తరగతికి వెళుతున్న ష్లిక్‌ను విశ్వవిద్యాలయపు మెట్లపై ఒక పూర్వవిద్యార్థి కాల్చి చంపాడు. హంతకునికి వ్యక్తిగత కక్షలు ఉండేవి. కాని కొన్ని పత్రికలు మృతుని బోధనలే ఈ దుర్ఘటనకు కారణమన్నట్లు వ్రాశాయి. యూదుడు కాని ష్లిక్‌ను యూదునిగా చిత్రించాయి. హంతకునికి పదేళ్ళ శిక్ష పడింది. ఆస్ట్రియాను జర్మనీ ఆక్రమించిన 1938లోనే అతడు విడుదలయ్యాడు.

ఆ ఆక్రమణతో మిగిలినవారు కూడా చెదరిపోయారు. మీసెస్ నివాసాన్ని నాజీలు దోచి ఆయన కాగితాలను తీసుకుపోయారు. దశాబ్దాల తరువాత 1990లలో అవి మాస్కోలో బయటపడ్డాయి. వాల్డ్, మోర్గెన్‌స్టెర్న్ అమెరికా చేరారు. న్యూయార్కులో షూట్జ్ బ్యాంకు ఉద్యోగం చేస్తూనే తత్వశాస్త్రం వ్రాశాడు. రోజ్ రాండ్ ఇంగ్లండులో కర్మాగారంలో పనిచేయవలసి వచ్చింది. గోష్ఠి పట్టికలు మాత్రం ఆమె వెంట భద్రంగా ఉన్నాయి. వియన్నా వర్గం చరిత్రకారులకు నేడు అవి ముఖ్యమైన ఆధారం.

భారతదేశంతో సంబంధం

యూదుడైనందున వియన్నాలో విశ్వవిద్యాలయ ఉద్యోగం దొరకని వాల్డ్, అమెరికాలో గణాంకశాస్త్రజ్ఞుడుగా ప్రఖ్యాతి పొందాడు. ఆయన కుటుంబ సభ్యులలో చాలామంది నాజీల చేతిలో మరణించారు. భారతదేశంలో ప్రసంగయాత్ర చేస్తుండగా 1950 డిసెంబరు 13న నీలగిరి కొండలలో జరిగిన విమాన ప్రమాదంలో వాల్డ్, ఆయన భార్య మరణించారు. అప్పటికి ఆయన వయసు 48 సంవత్సరాలు.

గణాంకశాస్త్రంలో ఒక ప్రతిపాదనను పరీక్షించడానికి మూడు ప్రధాన పద్ధతులను కలిపి బోధిస్తారు. ఒకటి నేమన్, పియర్సన్ 1928లో ప్రతిపాదించినది. రెండవది 1943 నాటి వాల్డ్ పరీక్ష. మూడవది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగువాడు సి.ఆర్.రావు (1920 - 2023) 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష. ఆ విధంగా వియన్నా గోష్ఠిలో పెరిగిన వాల్డ్ పేరు, వాల్తేరులో చదివిన రావు పేరు అర్థశాస్త్ర గణాంకాల పాఠ్యపుస్తకాలలో పక్కపక్కనే కనిపిస్తాయి.

ప్రభావం

హాయెక్‌కు 1974లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మోర్గెన్‌స్టెర్న్, జాన్ ఫాన్ నోయ్‌మాన్‌తో కలసి 1944లో క్రీడాసిద్ధాంతంపై మూలగ్రంథం ప్రచురించాడు. కార్నాప్, ఫైగల్ అమెరికా విశ్వవిద్యాలయాలలో విజ్ఞానతత్వానికి పునాదులు వేశారు. న్యూయార్కులో మీసెస్ తన సెమినారును 1969 వరకు తిరిగి నడిపాడు. వియన్నా మాత్రం తాను పోగొట్టుకొన్నవారిని చాలాకాలం పట్టించుకోలేదు. అక్కడ ఈ చరిత్ర అధ్యయనానికి వియన్నా వర్గ సంస్థ 1991లో ఏర్పడింది. 2011లో అది విశ్వవిద్యాలయంలో భాగమయింది. ష్లిక్ మరణించిన మెట్లపై ఆయన స్మారకంగా నేలలో ఒక ఫలకం పొదిగి ఉన్నది.