సంకెలకు లొంగని పాట

ఐరోపా ఖండము నడిబొడ్డున చెక్ దేశము కలదు. వల్టావా నదీతీరమునందలి ప్రాగ్ నగరము దానికి రాజధాని. 1993వ సంవత్సరారంభమున వేరుపడునంతవరకు చెక్కులును, స్లొవాకులును ఒకే దేశమువారై యుండిరి. ఆ దేశమునకు చెకోస్లొవాకియా యని పేరు. అచట 1968లో కొందరు యువకులు ఒక గానబృందమును స్థాపించిరి. వారు రాజకీయనాయకులు కారు. ప్రభుత్వమును కూలద్రోయవలెనని తలచినవారును కారు. తమకు నచ్చిన పాటను తమకు నచ్చిన రీతిని పాడుకొనవలెనన్నదే వారి కోరిక. అంతమాత్రమునకే వారిలో కొందరు చెరసాలకు పోవలసివచ్చెను.

1968 వసంతకాలమున ఆ దేశమునందు క్రొత్తగాలి వీచెను. కమ్యూనిస్టు పక్షనాయకుడగు అలెగ్జాండర్ దుబ్చెక్ పత్రికలపై నున్న నిర్బంధములను సడలించెను. జనులు జంకులేక మాటలాడజొచ్చిరి. ఈ కాలమునకే 'ప్రాగ్ వసంతము' అని పేరు. కాని యది చిరకాలము నిలువలేదు. ఆగస్టు 20వ తేదీ రాత్రి సోవియట్ యూనియను సేనలును, దాని మిత్రరాజ్యముల సేనలును ట్యాంకులతో దేశమును ప్రవేశించెను.

తరువాత కొలది వారములకే మిలాన్ హ్లావ్సా యను 17 ఏండ్ల యువకుడు తన మిత్రులను కూర్చుకొని రాక్ సంగీతబృందము నొకదానిని ఏర్పరచెను. రాక్ సంగీతము అమెరికాలో 1950 ప్రాంతముల వ్యాప్తికి వచ్చిన గానరీతి. విద్యుచ్ఛక్తిచే ధ్వని హెచ్చింపబడు గిటార్లును, డ్రమ్ములును దీనికి ముఖ్యవాద్యములు. ఫ్రాంక్ జాపా యను అమెరికా సంగీతకారుని పాట నుండి వారు తమ పేరును గ్రహించిరి. 'ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్' అనునదియే ఆ పేరు. విశ్వమందలి ప్లాస్టిక్ మనుష్యులని దాని యర్థము. ఇవాన్ యిరౌస్ అను కళాచరిత్రకారుడు వారికి మార్గదర్శకుడయ్యెను.

ఆ దేశమున పాటయే వృత్తిగా జీవింపగోరువారికి ప్రభుత్వపు అనుమతిపత్రము ఉండవలెను. అది యున్ననే సభాభవనములును, వాద్యపరికరములును, ప్రతిఫలమును లభించును. కావున పాటను నేరుగా నిషేధింప బనిలేదు; అనుమతి తీసివేసిన చాలును, పాటగాని నోరు కట్టుపడును. సేనల రాకకు పిమ్మట అధికారులు ఈ యుపాయమునే ప్రయోగించిరి. పొడవు జుట్టును, ఆంగ్ల నామములను, విచారము ధ్వనించు పాటలను వారు సహింపలేదు. పెక్కు బృందములు వారి యిష్టానుసారము మారినవి. ఈ బృందము మారలేదు. 1970లో వీరి అనుమతి రద్దయ్యెను. పరికరములు చేజారెను. ఐనను వీరు పాత సామగ్రితో ధ్వనివర్ధకములను తామే అమర్చుకొని సాధన సాగించిరి.

మొదట వీరు ఎక్కువగా ఆంగ్లగీతములనే పాడుచుండిరి. ప్రాగ్‌లో ఆంగ్లము బోధించుచుండిన పాల్ విల్సన్ అను కెనడా దేశీయుడు కొంతకాలము వీరికి గాయకుడుగా నుండెను. 1972లో ఆతడు బృందమును వీడెను. ఆ తరువాత వీరు తమ మాతృభాషయగు చెక్ భాషవైపు మరలిరి. ప్రచురణకు నోచుకొనని ఎగాన్ బాండీ యను కవి గీతములకు హ్లావ్సా స్వరములు కూర్చెను. అరువు తెచ్చుకొన్న పాట అప్పుడు సొంతపాట యయ్యెను. వ్రాటిస్లావ్ బ్రబెనెత్స్ అను శాక్సఫోను విద్వాంసుడు బృందమున చేరి దానికి క్రొత్త బలము చేకూర్చెను.

సభాభవనములు మూతపడగా వీరు పల్లెలలో, పెండ్లివిందులలో పాడజొచ్చిరి. ఎచట పాడుదురో చెవినుండి చెవికి మాత్రమే తెలియుచుండెను. 1974 మార్చిలో చెస్కె బుడెయోవిత్సె పట్టణము చేరువ జరుగనున్న కచేరీకి వందలకొలది యువజనులు వచ్చిరి. పోలీసులు వారిని లాఠీలతో కొట్టి వెడలగొట్టిరి.

1976 ఫిబ్రవరిలో యిరౌస్ వివాహ సందర్భమున బొయనోవిత్సె గ్రామమందు గానోత్సవము జరిగెను. మరుసటి నెలలో పోలీసులు ఇరువదిమందికి పైగా నిర్బంధించిరి. ప్రజాశాంతికి భంగము కలిగించిరని నేరము మోపిరి. సెప్టెంబరులో విచారణ జరిగి నలుగురికి శిక్ష పడెను. యిరౌసునకు 18 నెలలు, బ్రబెనెత్సునకు 8 నెలలు. ఇట్టి గానమునకే చెందిన మరి యిద్దరిలో పావెల్ జాయీచెకునకు 12 నెలలు, స్వాటోప్లుక్ కరాసెకునకు 8 నెలలు.

ఆ న్యాయస్థానమున కూర్చుండి విచారణను గమనించినవారిలో వాత్స్లావ్ హావెల్ అను నాటకకర్త యొకడు. ఇది పొడవు జుట్టు గల కుర్రవాండ్ర గొడవ కాదనియు, నేడు వారి పాటను అణచిన చేయి రేపు ఎవరి మాటనైనను అణచగలదనియు ఆతడును, మరికొందరు మేధావులును గ్రహించిరి. అంతవరకు ఒకరినొకరు ఎరుగని రచయితలు, ఆచార్యులు, గాయకులు, మతాచార్యులు ఏకమైరి. 1977 జనవరిలో 'చార్టర్ 77' అను ప్రకటనపత్రము వెలువడెను. తొలుత దానిపై రెండువందలమందికి పైగా సంతకములు చేసిరి. అందు వారు క్రొత్త హక్కుల నడుగలేదు. 1975లో హెల్సింకీ నగరమున ప్రభుత్వము తానే అంగీకరించిన మానవహక్కులను పాటింపుమని మాత్రమే కోరిరి. దానికే పెక్కుమంది ఉద్యోగములు కోల్పోయిరి. కొందరు చెరసాల పాలైరి.

బృందమువారి కష్టములు అంతటితో తీరలేదు. 1978లో వారి పాటలు ఫ్రాన్సు దేశమున గ్రామఫోను రికార్డుగా వెలువడెను. సొంతదేశమున మాత్రము అవి నిషిద్ధములు. హావెల్ తన పల్లెయింటిలో వారికి చోటిచ్చెను. అచటనే వారు తమ పాటలను టేపులపై నెక్కించిరి. పోలీసుల వేధింపులు తాళలేక బ్రబెనెత్స్ 1982లో దేశము వీడి కెనడా చేరెను. 1988లో బృందము చీలిపోయెను. మరుసటి సంవత్సరము నవంబరులో లక్షలాది ప్రజలు రక్తపాతము లేకయే కమ్యూనిస్టు ప్రభుత్వమును దించిరి. 1989 డిసెంబరు 29వ తేదీన హావెల్ దేశాధ్యక్షుడుగా ఎన్నుకొనబడెను. చార్టరునకు ఇరువదియేండ్లు నిండిన 1997లో బృందమువారు మరల కలిసి పాడిరి. హ్లావ్సా 2001లో మరణించెను. ఐనను తక్కినవారు గానమును విడువలేదు.

వీరి పాట అందరికిని నచ్చినది కాదు. అది చెవికి ఇంపుగా నుండదని పలికినవారు పలువురు. కాని నచ్చని పాటను వినకుండుట వేరు, పాడనీయకుండుట వేరు. ఈ భేదమును గుర్తించినవారే ఆనాడు ఆ గాయకుల పక్షమున నిలిచి, తమ స్వేచ్ఛను సైతము కాపాడుకొనిరి.