పేరు తెలిసిన కోపం

భావోద్వేగం మాటగా మారకముందే ఒంట్లో తెలిసిపోతుంది. తోటివాళ్ల ముందు టీచర్ మందలించగానే ఏడో తరగతి పిల్లాడికి గుండె దడదడలాడుతుంది, చెవులు వేడెక్కుతాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి. మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డాలా ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని క్షణంలో సిద్ధం చేస్తుంది. ఆగి ఆలోచించేలా చేసే నుదుటి వెనక భాగం పూర్తిగా పరిణతి చెందేసరికి ఇరవై అయిదేళ్లు రావచ్చు. బడి ఈడులో ఆవేశం ముందు, ఆలోచన వెనక. దాన్ని పొగరుగా లెక్కగట్టడం పిల్లలకు చేసే అన్యాయం.

ఇంటికొచ్చి పుస్తకాల సంచి విసిరికొడితే పెద్దలకు కనిపించేది కోపమే. లోపల ఉన్నది అవమానం కావచ్చు, ఉక్రోషం కావచ్చు, రేపు మళ్లీ అదే క్లాసులో కూర్చోవాలన్న బెంగ కావచ్చు. అదేమిటో తేలితేగాని ఓదార్చాలో ధైర్యం చెప్పాలో తెలియదు. పేరు పెట్టడంలోనే కొంత ఉపశమనం ఉంది. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం పెద్దలపై చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఫొటోలోని ముఖం మీది భావానికి పేరు చెప్పినప్పుడు అమిగ్డాలా స్పందన తగ్గినట్టు స్కాన్లలో తేలింది.

మన దేశంలో భావాలకు పేరు పెట్టే ఈ పనిని టైంటేబుల్లోకి తెచ్చిన ప్రయత్నాల్లో ఢిల్లీ ప్రభుత్వ బడుల 'హ్యాపీనెస్ కరిక్యులమ్' ముఖ్యమైనది. 2018 జులైలో దలైలామా చేతుల మీదుగా మొదలైంది. అందులో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు కాసేపు నిశ్శబ్దంగా శ్వాసను గమనించేవారు, కథ వినేవారు, తమకేమనిపించిందో చెప్పేవారు. పరీక్ష ఉండేది కాదు, మార్కులూ ఉండేవి కావు. మార్కులు పెడితే పిల్లలు మనసులో మాట మాని టీచరుకు నచ్చే జవాబే చెబుతారు కాబట్టి ఆ నిర్ణయం సరైనదే.

ఇలాంటి క్లాసులు చదువు సమయాన్ని తినేస్తాయన్న భయానికి ఆధారం తక్కువ. వివిధ దేశాల్లో 2.7 లక్షల మంది విద్యార్థులు పాల్గొన్న ఇలాంటి 213 కార్యక్రమాలను జోసెఫ్ డర్లాక్ బృందం 2011లో కలిపి పరిశీలించింది. ఆ పిల్లలు ఇలాంటి క్లాసులు లేని పిల్లలకన్నా చదువులోనూ 11 పర్సంటైల్ పాయింట్లు ముందున్నారు.

నడవడిక సంగతి ఇంకొంచెం చిక్కు. 1920లలో అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే వేలమంది పిల్లల నిజాయితీని రకరకాల సందర్భాల్లో పరీక్షించారు. ఒకచోట కాపీ కొట్టిన పిల్లలే మరోచోట నిజాయితీగా ఉన్నారు. సందర్భాన్ని బట్టి నడత మారుతున్నప్పుడు, గోడమీద సూక్తులు రాసి ఊరుకుంటే చాలదు. అప్పు తెచ్చుకున్న పెన్ను తిరిగివ్వడం, ఓడిన జట్టుతో చేయి కలపడం, తప్పు ఒప్పుకున్నవాళ్లను కొట్టకపోవడం లాంటివి బడిలో రోజూ జరగాలి.

అన్నిటికన్నా ముందు పెద్దలు మాట నిలబెట్టుకోవాలి. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం మూడు నుంచి అయిదేళ్ల పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, ఆగితే రెండోది ఇస్తామంది. అంతకుముందు బొమ్మలు గీసే సామగ్రి తెస్తామని చెప్పి తెచ్చిన పెద్దల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఓపికపట్టారు. తెస్తామని తేనివాళ్ల దగ్గర మూడే నిమిషాలు. ఓర్పు లేదని పిల్లల్ని తిట్టేముందు, వాళ్లకిచ్చిన మాటల్లో ఎన్ని నిలబడ్డాయో ఇంట్లోవాళ్లు చూసుకోవాలి.

మాటలతో తీరని బాధలూ ఉంటాయి. దిగులు, నిద్రలేమి, తిండి సహించకపోవడం, బడికి వెళ్లనని మొరాయించడం వారాల తరబడి సాగితే మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.