బడిలో గాలిమర

డెన్మార్కు దేశమున ఆస్కోవ్ అను గ్రామపు విద్యాలయములో ఉపాధ్యాయుడైన పౌల్ లా కూర్ 1891లో గాలిమరకు డైనమోను తగిలించి, దానివలన పుట్టిన విద్యుత్తుతో నీటిని విడదీసి, వెలువడిన హైడ్రోజనును నిలువచేసి, గాలి స్తంభించిన రాత్రులందు సైతము బడి దీపములు వెలుగునట్లు కొన్నియేండ్లలోనే ఏర్పాటు చేసెను. ఆ వాయువు పేలి కిటికీ అద్దములు పగిలిన సందర్భములును లేకపోలేదు. 1904లో ఆయన బోధించిన విద్యుత్ శిక్షణ తరగతిలో కూర్చున్న యొహానెస్ యూల్ అను యువకుడే 1957లో గెడ్సర్‌లో 200 కిలోవాట్ల మూడురెక్కల గాలిమరను నిలిపెను. నేడు అనంతపురం సీమలో బస్సు కిటికీలోనుండి మన పిల్లలు చూచెడి మూడురెక్కల మరలకు అది పూర్వరూపమని చెప్పదగును.

ఇట్టి మరను బడిలో పిల్లలచే చేయించుటకు కావలసిన సామగ్రి స్వల్పము. పాత బొమ్మకారులోని మోటరు, బిరడా, అగరువత్తి పుల్లలు, అట్టముక్కలు, మల్టీమీటరు, టేబుల్ ఫాను ఉన్నచో చాలును. కరెంటు నిచ్చిన తిరుగునట్టి మోటరే, మనము తిప్పినచో కరెంటు నిచ్చును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమిదియే. అట్టరెక్కలను పుల్లలకంటించి బిరడాలో గ్రుచ్చి, బిరడాను మోటరు ఇరుసునకు తొడిగినచో మర సిద్ధమగును.

అసలు పాఠము రెక్క వాలులో నున్నది. రెక్క గాలికి పూర్తిగా ఎదురొడ్డి నిలిచినచో మర కదలదు; అంచును గాలివైపు త్రిప్పినను కదలదు. ఈ రెంటి నడుమ ఎక్కడనో తిరుగుట ఆరంభించును. ఎదురొడ్డిన స్థితినుండి వాలు ఎక్కువైనచో సులువుగా కదలి మెల్లగా తిరుగును; తక్కువైనచో కదలుటకు మొరాయించి, ఒకసారి ఊపందుకొన్న పిమ్మట వడిగా తిరుగును. ఒక్కొక్క మారు ఒక్కదానినే మార్చి, మీటరు చూపిన అంకెను వ్రాసికొనవలెను. వాలును, రెక్కల సంఖ్యను ఏకకాలమున మార్చిన పిల్లవానికి అంకె దక్కునుగాని కారణము దక్కదు.

మోటరు తీగలకు ఎల్‌ఈడీ దీపము తగిలించినచో తొలుత తరచుగా వెలుగదు. చిన్న ఎర్రదీపమునకైనను రమారమి రెండు వోల్టులు కావలెను. అట్టమర అన్ని వోల్టులు పుట్టునంత వేగమున తిరుగదు. పెద్ద చక్రమునుండి చిన్నదానికి రబ్బరుబ్యాండు వేసి మోటరు వేగము పెంచుట పిల్లలకే తోచినచో అంతకంటె కావలసినదేమి? అటుపిమ్మట మోటరు తీగలు రెంటిని కలిపి ఇరుసును వ్రేళ్లతో త్రిప్పుమనవలెను. విడిగా నున్నప్పుడు తేలికగా తిరిగిన ఇరుసు ఇప్పుడు బిగువుగా ఎదురు తిరుగును. కరెంటు ఊరక రాదని వ్రేళ్లకే తెలియుచున్నది; ఏ పాఠ్యపుస్తకపు పేరాయు దీనికి సాటిరాదని నా యభిప్రాయము.

గాలివేగము రెట్టింపైనచో అందలి శక్తి ఎనిమిది రెట్లగును. కావుననే మరలను గాలి వడిగా వీచు కొండలపై నిలుపుదురు. అయినను ఆ శక్తిలో నూటికి రమారమి 59 పాళ్లకు మించి ఏ మరయు గ్రహింపజాలదని జర్మను శాస్త్రజ్ఞుడు బెట్స్ నిరూపించెను. సాంతము గ్రహించినచో గాలి మరవెనుకనే నిలిచిపోవును గదా!

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. వైజ్ఞానిక ప్రదర్శనకై బజారులో రంగులద్దిన నమూనాను కొనకుడు. ఆ పైకముతో పదిమందికి పది మోటరులు కొని, వరుసగా రెండు పీరియడ్లు వారికి విడిచిపెట్టుడు.