కవలల గర్భంలో జన్మపూర్వ పరీక్షలు: మావి నిర్ధారణ ప్రాధాన్యం

1. ఉపోద్ఘాతం:
గర్భస్థ శిశువు ఆరోగ్యస్థితిని ప్రసవానికి ముందే తెలుసుకోవడానికి జరిపేవి జన్మపూర్వ పరీక్షలు. గర్భంలో ఒకే శిశువు ఉన్నప్పుడు ఫలితం ఎవరిదన్న సందేహానికి తావులేదు. ఇద్దరు లేదా ముగ్గురు ఉన్నప్పుడు ఆ సందేహమే ప్రధాన సమస్య అవుతుంది. శిశువులు మావిని పంచుకుంటున్నారా లేదా అన్నది ముందుగా తేలితేనే తక్కిన పరీక్షలను సరిగా అన్వయించగలమని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మావి నిర్ధారణ:
రెండు అండాలు వేర్వేరుగా ఫలదీకరణ చెందినప్పుడు కలిగే కవలలకు సాధారణంగా రెండు మావులుంటాయి. ఒకే అండం నుండి ఏర్పడిన కవలలలో సుమారు మూడింట రెండు వంతుల జంటలకు మావి ఒక్కటే. 11-14 వారాల మధ్య జరిపే అల్ట్రాసౌండ్ స్కానింగులో శిశువుల నడిమి పొర మావిని తాకేచోట గ్రీకు అక్షరం ‘లామ్డా’ వంటి త్రికోణాకృతి కనిపిస్తే మావులు రెండని, ఆంగ్లాక్షరం ‘టి’ ఆకృతి కనిపిస్తే ఒక్కటేనని నిర్ధారిస్తారు. నెలలు నిండేకొద్దీ లామ్డా గుర్తు చెరిగిపోవచ్చు. పక్కపక్కనే ఉన్న రెండు మావులు కలిసి ఒక్కటిగా కనిపించవచ్చు.

3. పరీక్షల అన్వయం:
అదే స్కానింగులో ప్రతి శిశువు మెడ వెనుక ద్రవం మందాన్ని విడిగా కొలుస్తారు. 10వ వారం తరువాత తల్లి రక్తంలోని డి.ఎన్.ఎ.ను పరీక్షించి డౌన్ సిండ్రోమ్ వంటి లోపాల సంభావ్యతను అంచనా వేయవచ్చు. అయితే ఆ రక్తంలో శిశువులందరి డి.ఎన్.ఎ. కలిసి ఉంటుంది కనుక, లోపం ఎవరిలో ఉందో ఈ పరీక్ష చెప్పలేదు. తొలి వారాలలోనే ఒక పిండం నశిస్తే దాని డి.ఎన్.ఎ. కొంతకాలం మిగిలి ఫలితాన్ని తప్పుదారి పట్టించవచ్చు. నిర్ధారణకు 15 వారాలు నిండాక ఉమ్మనీటి పరీక్ష చేయవచ్చు. మావులు వేరైతే ప్రతి సంచి నుండి విడిగా నమూనా తీయాలి.

మావి ఒక్కటైతే శిశువుల రక్తనాళాలు అందులో కలుస్తాయి. అటువంటి గర్భాలలో 10-15 శాతం వరకు ఒకరి రక్తం మరొకరికి అసమానంగా ప్రవహించే ప్రమాదం ఉంది. అందుకే 16వ వారం నుండి రెండు వారాలకొకసారి స్కానింగు చేస్తారు. ఒక శిశువు మరణిస్తే రెండవ శిశువు మెదడుకూ హాని కలగవచ్చు. కాబట్టి ఒకరి విషయంలో తీసుకునే నిర్ణయం ఇద్దరికీ వర్తిస్తుంది.

4. ముగింపు:
మన ప్రాంతంలో ఐదవ నెలలో జరిపే ‘టిఫా’ స్కానింగు సుపరిచితం. కవలల గర్భంలో తొలి పరీక్షను అంతవరకు వాయిదా వేస్తే మావి నిర్ధారణకు అనువైన కాలం దాటిపోతుంది. నిర్ధారణ సాధ్యం కానప్పుడు మావి ఒక్కటేనని భావించి జాగ్రత్త వహించడమే వైద్యవిధానం. కనుక కవలల గర్భంలో తొలి మూడు నెలల స్కానింగే తక్కిన అన్ని పరీక్షలకు పునాది.