పగిలిన ఆయిల్ చాంబరు: అతుకునకు గల హద్దులు

డీజిల్ ఇంజను అడుగు భాగమున నూనె నిలువయుండు తొట్టి యొకటి కలదు. గ్రంథములలో దీనిని ఆయిల్ పాన్ అనియు, సంప్ అనియు వ్రాయుదురు; మన షెడ్డులలోని మేస్త్రీలు చాంబరు అందురు. ఇంజను నడుచుచున్నంత సేపును పంపు ఈ తొట్టి నుండి నూనెను పీల్చి బేరింగులకు, పిస్టనులకు, వాల్వులకు అందించును. పని ముగిసిన నూనె మరల ఇచ్చటికే జారును. తొట్టి పగిలి నూనె కారిపోయిన పిమ్మట ఇంజను నడిపినచో, కొద్ది నిమిషములలోనే బేరింగులు వేడెక్కి పట్టివేయును.

గత వేసవి సెలవులలో మేము రహదారి ప్రక్కనున్న ఒక షెడ్డులో ఇట్టి లారీని చూచితిమి. దాని యజమానియే డ్రైవరు. జాకీని తప్పుచోట, చాంబరు క్రిందనే పెట్టి ఎత్తుటచే అది బీటవారినది. క్రొత్తది వచ్చుటకు నాలుగు దినములు పట్టునట. అప్పు వాయిదా దగ్గర పడినదనియు, ఏదో ఒకటి పూసి పంపుమనియు అతడు బ్రతిమాలుచుండెను. ఉస్తాదు తొందరపడలేదు. "ముందు చాంబర్ దేంతో చేశారో చూద్దాం భాయ్" అనెను. మరమ్మతు అంతయు ఆ ప్రశ్నపైననే ఆధారపడియున్నదని మాకు తరువాత బోధపడినది.

చాంబరు ఉక్కు రేకుదైనచో బ్రేజింగు చేయవచ్చును. అల్యూమినియముదైనచో ఆర్గాన్ వెల్డింగు చేయవచ్చును. ఈ లారీది రెండును కాదు, కాంపోజిట్. అనగా నైలాన్‌లో సన్నని గాజు పోగులను కలిపి అచ్చుపోసినది. 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ తయారుచేసిన నైలాన్ 66 అను పదార్థమే సాధారణముగా దీనికి మూలము. నీటితో పోల్చిన ఉక్కు 7.8 రెట్లు, అల్యూమినియము 2.7 రెట్లు బరువు. ఇది సుమారు 1.4 రెట్లు మాత్రమే. తుప్పు పట్టదు, ఇంజను రొదను కొంత తగ్గించును. ఇంజను నూనె 100 మొదలు 120 డిగ్రీల వరకు కాగినను, నైలాన్ కరుగుటకు సుమారు 260 డిగ్రీల సెల్సియస్ కావలెను గనుక ఆ వేడికి భయము లేదు.

అయినను పగిలినప్పుడు దీనిని లోహమువలె అతుకుట సాధ్యము కాదు. ఇందుకు మూడు కారణములు కలవు. మొదటిది, దీని బలమున కెక్కువ భాగము గాజు పోగులదే. బీట వద్ద నైలాన్‌ను కరగించి కలిపినను, తెగిన పోగులు ఆ గీతను దాటి మరల కలిసికొనవు. రెండవది, నైలాన్‌పై జిగురు సులభముగా పట్టదు. అందునను బీటలో నూనె చేరియుండును. మూడవది, వేడికి చాంబరు ఒక తీరునను, అతుకు వేరొక తీరునను వ్యాకోచించును. దీనికి ఇంజను అదురు తోడై అతుకు అంచు లేచిపోవును.

కాని చాంబరులోని నూనెపై పంపు ఒత్తిడి లేదు. అందుచేత తాత్కాలికమైన అతుకు కొంత దూరము పనిచేయగలదు. ఉస్తాదు ముందుగా నూనెను పూర్తిగా దింపెను. బీట రెండు కొనల వద్ద చిన్న రంధ్రములు వేసెను. కొన గుండ్రనైనచో ఒత్తిడి చెదరి బీట సులభముగా ముందుకు ప్రాకదు. బీట వెంబడి లోపలికి పోకుండ గాడి తీసి, చుట్టును గరుకు కాగితముతో రుద్ది, అసిటోన్‌తో పలుమార్లు తుడిచెను. పిదప రెండు పాళ్లు కలిపిన ఎపాక్సీని గాడిలో నింపి, పైన గాజు బట్టను పరచి, మరల ఎపాక్సీ పూసి, ఒక దినమంతయు ఆరనిచ్చెను.

"ఇది ఇల్లు చేరుస్తుంది భాయ్, బొంబాయి చేర్చదు" అని ఆయన స్పష్టముగా చెప్పెను.

క్రొత్త చాంబరు బిగించుటలోను మెలకువ కావలెను. బోల్టు రంధ్రములలో లోహపు గొట్టములుండును. బిగింపు బరువును అవి మోయును గాని నైలాన్ మోయదు. వాటిని వదలక అమర్చి, ప్యాకింగు క్రొత్తది వేసి, తయారీదారు పుస్తకములో చెప్పిన వరుసలో, చెప్పిన బిగువుకే టార్క్ పానాతో బిగింపవలెను. డ్రెయిన్ నట్టును బలముకొలది బిగించుట పగుళ్లకు మరియొక కారణము. దింపిన పాత నూనెను కాలువలో గాని నేలపై గాని పోయరాదు.

ఆ యజమాని సరుకును వేరొక లారీ కెక్కించి, ఖాళీ బండిని మెల్లగా, నూనె ఒత్తిడి ముల్లును చూచుకొనుచు ఇంటికి తీసికొనిపోయెను. క్రొత్త చాంబరు వచ్చువరకు బండి కదల్చలేదు. ఆ దినముల కిరాయి పోయినది, ఇంజను మిగిలినది.

మేము తరగతిలో పాలిమర్లను గూర్చి చదివితిమి గాని, వాటిపై జిగురు నిలువదని చేతితో ఎరుగము. ఉస్తాదు చేతితో ఎరుగును. దానికి కారణమేమని ఆయనయే మమ్ము అడిగెను. గాజు పోగుల సంగతి మేము చెప్పగా శ్రద్ధగా వినెను. సంవత్సరమున కొక్కసారియైనను విద్యార్థుల నిట్టి షెడ్డులకు పంపు ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను మేము వినయముతో కోరుచున్నాము.